నాయన వీలునామా రాయకుండానే పోయినాడు

చిత్తూరులో ఇల్లు నాయన సొంత సంపాదన. "పెళ్ళైన ఆడబిడ్డ సంతకం దేనికి?" అన్నాడు దస్తావేజులు రాసే ఆయన. నాకు మనసొప్పలేదు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మ, నేను, చెల్లెలు, నాయన్ను కన్న అవ్వ, నలుగురికీ సమాన వాటా. కొడుకు ఆస్తిలో తల్లికీ హక్కుందని చాలామంది మరిచిపోతారు.

మరణ ధ్రువపత్రంలో ఇంటిపేరు ఒక అక్షరం తేడా. ముందు అది దిద్దించి, సచివాలయంలో అర్జీ పెట్టి, తహసీల్దారు నుంచి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తెచ్చుకున్నా. నలుగురి పేర్లూ ఉన్నాయా అని రెండుసార్లు చూసుకున్నా. తర్వాత అందరం పోయి, ఎవరి వాటా ఏదో రాసుకునే భాగపరిష్కార దస్తావేజు రిజిస్టరు చేయించుకున్నాం. వేలిముద్ర వేసేటప్పుడు అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇంటిపన్ను పేరు మార్పిడి ఆ దస్తావేజుతోనే అయింది.