క్లారినెట్ నాదాన్ని మార్చుకోవాలంటే ముందుగా ఏది చూడాలి

క్లారినెట్ పలికే తీరు నచ్చనప్పుడు కొత్త వాద్యం కొనే ఆలోచన చేయకముందే రీడ్‌ను (ఊదినప్పుడు కంపించే పలుచని పలకను), అది అమరే మౌత్‌పీస్‌ను (నోట్లో పెట్టుకునే భాగాన్ని), వాటిని పట్టే పెదవులను పరీక్షించాలి. చెవికి తెలిసేంత మార్పు చాలావరకు అక్కడే వస్తుంది. అయితే గొట్టం దాదాపు ఒకే వ్యాసంతో సాగి, రీడ్ ఉన్న కొన మూసినట్లు ప్రవర్తించడం వల్ల మంద్రస్థాయిలో మూలస్వరపు పౌనఃపున్యానికి 1, 3, 5 వంటి బేసి రెట్లలో ఉండే అనుస్వరాలే (హార్మోనిక్స్) బలంగా వినిపిస్తాయి. ఆ లోతైన, కొంత గుల్లతనం గల నాదం ఈ వాద్యపు సహజ స్వభావం. దానిని ఏ రీడూ తుడిచివేయలేదు.

రీడ్ మరీ గట్టిదైతే స్వరంతోపాటు గాలి రొద వినిపిస్తుంది, మరీ మెత్తనిదైతే నాదం పలచబడి తారస్థాయిలో శ్రుతి తగ్గుతుంది. రీడ్ రెండు అంచులూ సమానంగా ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి మౌత్‌పీస్‌ను నోట్లోనే కొద్దిగా ఒక పక్కకు తిప్పి ఊది, తరువాత రెండో పక్కకు తిప్పి ఊదాలి. పెదవి ఒక అంచును అణచినప్పుడు రెండో అంచు ఒక్కటే పలుకుతుంది కాబట్టి, కష్టంగా పలికిన అంచును సన్నరకం గరుకు కాగితంతో రెండు మూడు సార్లు మాత్రమే రుద్ది మళ్ళీ పరీక్షించాలి. తొందరపడి ఎక్కువగా రుద్దితే ఆ రీడ్ ఇక పనికిరాదు. ఇంత చిన్న పనికి ఇంత ఫలితం ఉంటుందని చాలామంది గమనించరు.

మౌత్‌పీస్ కొనకూ రీడ్ కొనకూ మధ్య ఖాళీ సాధారణంగా 1 మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. ఖాళీ ఎక్కువైతే మెత్తని రీడ్, తక్కువైతే గట్టి రీడ్ నప్పుతాయి.

నాలుక స్థానం కూడా ముఖ్యమే. ఒకే స్వరాన్ని నిలిపి, నోటిలోపల నాలుకను 'ఆ' అనే స్థితి నుంచి 'ఈ' అనే స్థితికి మెల్లగా ఎత్తితే, చెదిరిన నాదం ఒకచోట కూడుకోవడం స్పష్టంగా తెలుస్తుంది. కింది పళ్ళతో రీడ్‌ను కరిచిపట్టితే దాని కంపనమే అణగిపోతుంది.

వాద్యం చెక్కదా, ప్లాస్టిక్‌దా అన్న చర్చకు దక్కుతున్నంత ప్రాధాన్యం అవసరం లేదని నా అభిప్రాయం. లోపలి రంధ్రపు ఆకృతి, స్వరరంధ్రాల పరిమాణం అంతకంటే ముఖ్యమైనవి. చివర గంటలా విచ్చుకునే భాగమైన బెల్ ప్రభావం ప్రధానంగా అట్టడుగు స్వరాలపైనే ఉంటుంది, ఎందుకంటే మిగిలిన స్వరాలు చాలావరకు తెరిచిన రంధ్రాల నుంచే వెలువడతాయి.

ఒక్కసారికి ఒక్కటే మార్చి, అదే స్వరాన్ని, అదే గదిలో, రెండు మీటర్ల దూరంలో ఉంచిన ఫోన్‌లో రికార్డు చేసి పోల్చాలి. పై పళ్ళు మౌత్‌పీస్‌కు ఆనుకుని ఉండడం వల్ల వాయించేవారికి కంపనం ఎముకల గుండా కూడా చేరుతుంది. ఎదుట కూర్చున్నవారు వినేది ఆ ధ్వని కాదు.