కొరియా పింగాణీ స్టాంపులతో ఆల్బమ్ ఎలా తయారు చేయాలి?

పాత కూజాలు, జాడీలు ఉన్న కొరియా స్టాంపులను విడుదలైన సంవత్సరం వరసలో అతికించకండి. బొమ్మలోని పాత్ర ఏ కాలానిదో, ఆ వరసలో పెట్టండి. అప్పుడు కుమ్మరుల చేతిపని ఎలా మారిందో పేజీ మీదే కనిపిస్తుంది.

ముందు దేశం చూడండి. దక్షిణ కొరియా స్టాంపు మీద 'రిపబ్లిక్ ఆఫ్ కొరియా' అనో, ఉత్త 'కొరియా' అనో ఉంటుంది. 'డి.పి.ఆర్. కొరియా' అని ఉంటే ఉత్తర కొరియాది. దక్షిణాది స్టాంపు వెల హ్వాన్‌లలో (అప్పటి కరెన్సీ) ఉంటే 1962 జూన్‌లో కరెన్సీ మారక ముందుది. ఆ నెలలో హ్వాన్ స్థానంలో వోన్ వచ్చింది.

తర్వాత భూతద్దం తీసుకుని పాత్రను గుర్తుపట్టండి. అసలు ఆనందం ఇక్కడే ఉంది, తొందరపడకండి. బూడిద కలిసిన ఆకుపచ్చ రంగైతే చాలావరకు గొర్యో రాజవంశ కాలపు (918–1392) సెలడాన్, అంటే ఆకుపచ్చ పూత వేసిన పింగాణీ. పూతలో కొద్దిగా ఇనుము ఉండి, బట్టీలో గాలి తగ్గించి కాలిస్తే ఆ రంగు వస్తుంది. తెలుపు, నలుపు గీతలున్నాయా? అది సాంగమ్ పని: పచ్చి మట్టి మీద గీతలు చెక్కి, వాటిలో వేరే రంగు మట్టి నింపుతారు. సియోల్‌లోని గాన్‌సాంగ్ మ్యూజియంలో ఉన్న కొంగల కూజాలో, వలయాల లోపలి కొంగలు పైకి, బయటివి కిందికి ఎగురుతాయి. అడుగున మూడు కుందేళ్లు మోసే ధూపపాత్ర కనిపిస్తే అదీ గొర్యో కాలానిదే. బూడిదరంగు మట్టికి తెల్లపూత ఉంటే బున్‌చాంగ్, 15–16 శతాబ్దాలది. తెల్లని గుండ్రటి జాడీ, గొర్యో తర్వాత వచ్చిన చోసన్ రాజవంశ కాలపు 'చందమామ జాడీ'. రెండు సగాలు విడిగా చేసి అతుకుతారు కాబట్టి నడుము దగ్గర కాస్త వంకర ఉంటుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఆ వంకరే.

కవరు మీది స్టాంపును పీకకండి. చుట్టూ కాగితం వదిలి కత్తిరించి, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టండి. దానంతట అదే ఊడి వచ్చాక, బొమ్మ కిందికి ఉండేలా అద్దుడు కాగితం మీద ఆరబెట్టి, బరువైన పుస్తకం కింద పెట్టండి. వాడని స్టాంపుకు మాత్రం నీళ్లు తగలకూడదు, జిగురు పోతుంది. దాన్ని పట్టకారుతో తీసి పారదర్శక మౌంట్‌లో (స్టాంపుకు వేసే చిన్న ప్లాస్టిక్ తొడుగు) పెట్టండి.

ప్రతి స్టాంపు కింద పాత్ర పేరు, శతాబ్దం, ఇప్పుడున్న మ్యూజియం రాయండి. సముద్రతీరపు ఊళ్లలో వానాకాలం తేమకు జిగురు అంటుకుపోతుంది. ఆల్బమ్‌ను నిలబెట్టి, పక్కన సిలికా జెల్ పొట్లాలు ఉంచండి.