ఇగ్నో డిగ్రీ మధ్యలో ఆగకుండా పూర్తి చేయడం ఎలా?

దూరవిద్యలో చేరినవాళ్లు డిగ్రీ పూర్తి చేయకపోతే చుట్టుపక్కల వాళ్లు అనే మాట ఒకటుంది: "ఉద్యోగం చేసుకుంటూ చదువెక్కడ సాగుతుంది లెండి." ఈ మాట నేను ఒప్పుకోను. ఇగ్నోలో (ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో) ఒకదాని తర్వాత ఒకటి కోర్సులు చేస్తూ, ఆఫీసులో తోటివాళ్లకీ బంధువుల పిల్లలకీ ఫారాలు నింపిపెడుతూ వస్తున్నాను. చదవలేక మానేసినవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు. పరీక్ష పాసై కూడా అసైన్‌మెంటు (ఇంటి దగ్గర జవాబులు రాసి ఇచ్చే పని) మార్కులు పడక, గ్రేడ్ కార్డులో 'నాట్ కంప్లీటెడ్' చూసుకుంటూ కూర్చున్నవాళ్లు మాత్రం బోలెడు మంది. అందుకే మిగతా మెట్లన్నీ గబగబా దాటించి, అసైన్‌మెంట్ల దగ్గర తీరిగ్గా కూర్చోబెడతాను.

1. చేరేముందు

ఇగ్నో 1985లో పార్లమెంటు చట్టంతో ఏర్పడింది. గుర్తింపు గురించి బెంగ అక్కర్లేదు. ఇంకో యూనివర్సిటీ వారి ఆన్‌లైన్ డిగ్రీ అయితే యూజీసీ దూరవిద్యా విభాగం వెబ్‌సైట్ తెరిచి యూనివర్సిటీ పేరు, కోర్సు పేరు, మీరు చేరే సెషన్ (ఏ ఏడాది ఏ నెల బ్యాచో), ఈ మూడూ జాబితాలో ఉన్నాయో లేదో చూడండి. ఇంజినీరింగ్, వైద్యం, ఫార్మసీ, లా డిగ్రీలు ఆన్‌లైన్‌లో ఇప్పిస్తామనేవాళ్ల దగ్గర్నుంచి లేచి వచ్చేయండి. యూజీసీ 2020 నిబంధనలు అందుకు ఒప్పుకోవు. తెలుగు మాధ్యమంలోనే చదవాలనుకునేవాళ్లకి హైదరాబాద్‌లోని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. 1982లో మొదలైన ఈ విశ్వవిద్యాలయమే దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ.

2024 నుంచి దూరవిద్యలో చేరాలంటే డెబ్ ఐడీ, అంటే పైన చెప్పిన యూజీసీ దూరవిద్యా విభాగం ఇచ్చే నంబరు ఉండాలి. దానికి ముందు డిజీలాకర్ ద్వారా ఏబీసీ ఐడీ (మీ చదువు క్రెడిట్లు జమయ్యే ఖాతా నంబరు) తీసుకోవాలి. మనవాళ్లకి ఇక్కడ వచ్చే చిక్కు ఇంటిపేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో పొడి అక్షరం ఒక్కటే ఉంటే ముందు ఆ రెండూ ఒకటి చేయించుకోండి. అడ్మిషన్ అయ్యాక పేరు మార్పించడం అంత తేలిక కాదు.

ఇంకోటి. ఫారం నెట్ సెంటర్లో నింపిస్తే నింపించండి గానీ, ఫోన్ నంబరు, మెయిల్ ఐడీ మీవే ఇవ్వండి. నెట్ సెంటర్ అబ్బాయి తొందరలో తన నంబరు కొట్టేస్తాడు. తర్వాత ఓటీపీలన్నీ అతనికే వెళ్తాయి. ఆ కొట్టు మూతపడితే మీ లాగిన్ కూడా మూతపడినట్టే.

2. మొదటి వారంలో

ఎన్‌రోల్‌మెంట్ నంబరు, ప్రోగ్రామ్ కోడ్, మీ పేపర్ల కోడ్‌లు, స్టడీ సెంటర్ కోడ్, రీజినల్ సెంటర్ కోడ్ ఒక కాగితం మీద రాసి బీరువా తలుపు లోపలివైపు అంటించండి. ఫోన్లో పెట్టుకుంటామంటారు. ఫోన్ పోతుంది, బీరువా పోదు. మన రెండు రాష్ట్రాల్లో రీజినల్ సెంటర్లు హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నంలో ఉన్నాయి. మీది ఏదో తెలుసుకోండి.

స్టడీ సెంటర్‌కి ఒకసారి స్వయంగా వెళ్లి రండి. థియరీ క్లాసులకి హాజరు తప్పనిసరి కాదు, ప్రాక్టికల్స్‌కి తప్పనిసరి. అయినా మొదటి పరిచయ క్లాసుకి వెళ్లడం నా లెక్కలో తప్పనిసరే. అక్కడి కోఆర్డినేటర్‌కి మీ మొహం గుర్తుంటే రేపు అసైన్‌మెంటు విషయంలో ఫోన్ చేసినప్పుడు పలికే తీరు వేరుగా ఉంటుంది.

3. పుస్తకాలు

పోస్టులో పుస్తకాలు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఈజ్ఞానకోశ్ అనే ఇగ్నో డిజిటల్ భాండాగారంలో పాఠాలు పీడీఎఫ్‌లుగా ఉచితంగా దొరుకుతాయి. పేపర్ కోడ్ కొట్టి వెతకండి. అదనంగా చదవాలంటే ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఉంది, కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక 'స్వయం' వీడియోలు ఉన్నాయి. ఇవి చాలు. వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపులు వద్దు. వాటిలో పదిమంది ఒకరినొకరు 'డేట్ పొడిగించారా' అని అడుగుతుంటారు తప్ప తెలిసినవాడు ఒక్కడూ ఉండడు.

ఇగ్నో లెక్కలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. 4 క్రెడిట్ల పేపరుకి 120 గంటలు, సెమిస్టర్‌కి 16 క్రెడిట్లుంటే 480. దాన్ని 24 వారాలకి పంచితే వారానికి 20 గంటలు. చేరేముందు ఈ లెక్క ఎవరూ వేసుకోరు. ఉద్యోగస్తులకి పనిరోజుల్లో పొద్దున్న ఐదు నుంచి ఏడు వరకే చదువు, మిగతా గంటలు సెలవు రోజున. రాత్రి భోజనం చేసి పుస్తకం పట్టుకుంటానంటే అది నిద్రమాత్రే.

4. అసైన్‌మెంట్లు

చాలా కోర్సుల్లో అసైన్‌మెంట్లకి 30 శాతం, పరీక్షకి 70 శాతం. ఈ 30 శాతం చూసి జనం మోసపోతారు. 'పరీక్ష బాగా రాస్తే సరిపోతుంది కదా' అనుకుంటారు. సరిపోదు. రెండింట్లోనూ విడివిడిగా పాసవ్వాలి. పరీక్షలో 80 వచ్చినా అసైన్‌మెంటు పడకపోతే ఆ పేపరు పూర్తయినట్టు కాదు.

మొదటి జాగ్రత్త ప్రశ్నపత్రం. అసైన్‌మెంటు బుక్‌లెట్ ఇగ్నో వెబ్‌సైట్ నుంచే దించుకోవాలి. ప్రశ్నలు ఎప్పటికప్పుడు మారుతుంటాయి. పైన ఏ సెషన్‌వాళ్లకో అచ్చయి ఉంటుంది, 'జులై 2024, జనవరి 2025' లాగా. మీరు చేరిన సెషన్ అందులో ఉందా? ఉంటేనే రాయండి. పాత బుక్‌లెట్ ప్రశ్నలకి ఎంత చక్కగా జవాబులు రాసినా పనికిరావు. పోయిన ఏడాది అక్క రాసిన కాగితాలు చూసి రాసుకునే తమ్ముళ్లు బోల్తా కొట్టేది ఇక్కడే.

రెండోది సమయం. ఎం.ఏ. సైకాలజీలో ఎం.పి.సి–001 పేపరు తీసుకోండి. మూడు పెద్ద ప్రశ్నలకి వెయ్యేసి మాటలు, ఐదు మధ్యరకం ప్రశ్నలకి నాలుగొందలేసి, పది చిన్న ప్రశ్నలకి యాభయ్యేసి రాయమంటారు. కలిపితే 5,500 మాటలు. నిమిషానికి ఇరవై మాటలు ఆపకుండా రాసే చెయ్యి ఉన్నా, ఒక్క పేపరుకి నాలుగున్నర గంటలకి పైగా రాత పనే. ఇలాంటివి నాలుగైదు పేపర్లు. ఆఖరి శనివారం, ఆదివారం కూర్చుని పూర్తి చేస్తామనేవాళ్లు ఈ గుణకారం చేసి చూడండి. నా నియమం: వారానికి రెండు జవాబులు, చేరిన నెల నుంచే. గడువు పొడిగిస్తారు కదా అని చూడొద్దు. చాలాసార్లు పొడిగిస్తారు, నిజమే. పొడిగించని ఏడాది మీదే కావచ్చు. బుక్‌లెట్ మీద ఉన్న తేదీకి పదిహేను రోజుల ముందే మీ తేదీ.

మూడోది రాత. చేత్తోనే రాయాలి. ఎ4 సైజు గీతల కాగితం, నీలం బాల్‌పెన్, ఒకవైపే రాత, ఎడమవైపు మార్జిన్. జెల్ పెన్ వద్దు, వర్షాకాలంలో తేమకి అలుక్కుంటుంది. స్పైరల్ బైండింగు కూడా వద్దు, ట్యాగు చాలు. ప్రతి పేపరుకీ విడిగా కట్ట కట్టాలి. ప్రతి కట్ట మొదటి పేజీలో ఎన్‌రోల్‌మెంట్ నంబరు, పేరు, చిరునామా, పేపరు కోడ్, అసైన్‌మెంట్ కోడ్, స్టడీ సెంటర్ కోడ్, తేదీ, సంతకం ఉండాలి. అసైన్‌మెంట్ కోడ్ బుక్‌లెట్‌లో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే దించండి.

నాలుగోది జవాబు. జిరాక్సు షాపుల్లో 'సాల్వ్‌డ్ అసైన్‌మెంట్లు' అమ్ముతారు, కొందరు చేతిరాతతో సహా రాయించి ఇస్తారు. ఈమధ్య ఏఐ చాట్‌బాట్‌ని అడిగి వచ్చింది వచ్చినట్టు దించేవాళ్లూ తయారయ్యారు. దిద్దే లెక్చరర్ ముందు ఒకే వాక్యంతో మొదలయ్యే కట్టలు వరసగా పడితే ఆయనకి అర్థం కాదనుకుంటున్నారా? సొంత మాటల్లో రాయాలని బుక్‌లెట్ సూచనల్లోనే ఉంటుంది. నీతి సంగతి పక్కనపెట్టండి, లెక్క ప్రకారం చూసినా నష్టమే. పరీక్షలో వచ్చే ప్రశ్నల్లో కొన్ని ఈ అసైన్‌మెంటు ప్రశ్నలకి దగ్గరగానే ఉంటాయి. స్వయంగా రాసినవాడికి సగం చదువు అక్కడే అయిపోతుంది. కొన్నవాడు మళ్లీ మొదటి పేజీ నుంచి మొదలెట్టాలి.

స్వయంగా రాయడం ఎలాగో ఒక ఉదాహరణ చెబుతాను. 'వర్కింగ్ మెమరీ (పని జరిగే కాసేపు విషయాన్ని మనసులో పట్టి ఉంచే జ్ఞాపకం) నమూనాని వివరించండి' అన్నది ప్రశ్న అనుకోండి. ఆ యూనిట్ రెండుసార్లు చదివి పుస్తకం మూసేయండి. చిత్తు కాగితం మీద ఐదు ముక్కలు రాయండి: అంటే ఏమిటి, ఎవరు, ఎప్పుడు ప్రతిపాదించారు (బ్యాడ్లీ, హిచ్, 1974), భాగాలేమిటి (మాటల్ని పట్టి ఉంచేది ఒకటి, బొమ్మల్ని పట్టి ఉంచేది ఒకటి, రెండింటినీ అదుపు చేసే కేంద్రం ఒకటి, 2000లో బ్యాడ్లీ చేర్చిన నాలుగోది), మన బతుకులోంచి ఒక ఉదాహరణ, విమర్శ. ఇప్పుడు ఒక్కో ముక్కకి రెండు వందల మాటలు. ఉదాహరణ దగ్గర పుస్తకంలోది రాయకండి. ఫోన్‌కి వచ్చిన ఓటీపీని కంప్యూటర్లో కొట్టేదాకా పెదాలు కదుపుతూ గొణుక్కుంటామే, అది రాయండి. మాటల్ని పట్టి ఉంచే భాగం చేసే పని అదే. ఇలాంటి ఒక్క ఉదాహరణ కనబడితే, ఈ కట్ట కొన్నది కాదని దిద్దేవాళ్లకి తెలిసిపోతుంది. ఐదో ముక్క, అంటే విమర్శ, చాలామంది వదిలేస్తారు. పైమార్కులు ఉండేది అందులోనే.

ఐదోది ఇవ్వడం, రసీదు. ఇచ్చేముందు ప్రతి పేజీ స్కాన్ చేసుకోండి. స్టడీ సెంటర్‌లో ఇస్తే పేపర్ల కోడ్‌లన్నీ రాసిన కాగితం రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద ముద్ర, సంతకం, తేదీ వేయించుకుని తెచ్చుకోండి. 'అక్కడ పెట్టి వెళ్లండమ్మా' అంటారు. పెట్టి రావద్దు. గుమాస్తా భోజనానికి వెళ్తే వచ్చేదాకా కూర్చోండి. ఆన్‌లైన్ ప్రోగ్రామ్ వాళ్లు పీడీఎఫ్ అప్‌లోడ్ చేయాలి. ట్యూబ్‌లైటు కింద నిలబడి ఫొటో తీస్తే ఫోన్ నీడ సరిగ్గా జవాబు మీదే పడుతుంది, పగటిపూట కిటికీ పక్కన తీయండి. పేజీలు తలకిందులుగా లేవని చూసి, ఒక పేపరుకి ఒకే ఫైలు చేసి, ఎక్కించాక దాన్ని మళ్లీ దించి తెరిచి చూడండి. తెరుచుకుంటేనే ఎక్కినట్టు. ఆ పేజీ స్క్రీన్‌షాట్ దాచుకోండి.

ఆరోది వెంటపడటం. ఇచ్చాం కదా అని వదిలేయకూడదు. వెబ్‌సైట్‌లో గ్రేడ్ కార్డు నెలకోసారి చూస్తూ ఉండండి. ఫలితాలొచ్చాక కూడా అసైన్‌మెంటు గడి ఖాళీగా ఉంటే ముందు స్టడీ సెంటర్‌కి రసీదుతో వెళ్లండి. మార్కులు పంపామంటే ఏ తేదీన పంపారో అడిగి రాసుకోండి. తర్వాత ఆ తేదీతో రీజినల్ సెంటర్‌కి మెయిలు. అప్పటికీ కదలకపోతే ఐగ్రామ్ అనే ఇగ్నో ఫిర్యాదుల పోర్టల్. ఈ వరస తప్పించి నేరుగా ఢిల్లీలోని ఇగ్నో ప్రధాన కార్యాలయానికి రాస్తే, తిప్పి మీ రీజినల్ సెంటర్‌కే పంపుతారు.

మెయిలు ఎలా రాస్తున్నారో చూస్తే ఒళ్లు మండుతుంది. 'సార్, నా మార్కులు పడలేదు, దయచేసి చూడండి' అని ఒక్క వాక్యం. ఎవరి మార్కులు? ఏ పేపరు? ఎప్పుడిచ్చారు? సబ్జెక్టు గడిలోనే ఎన్‌రోల్‌మెంట్ నంబరు, పేపరు కోడ్ ఉండాలి. లోపల నాలుగు వాక్యాలు చాలు: ఏ ప్రోగ్రామ్, ఏ సెషన్, ఏ తేదీన ఏ సెంటర్‌లో ఇచ్చారు, స్టడీ సెంటర్ ఏమంది, మీకు ఏం కావాలి. రసీదు, గ్రేడ్ కార్డు జతచేయండి. రెండు పేపర్ల సమస్య ఉంటే రెండు మెయిళ్లు. కష్టాలు, పెళ్లి కుదరడం, ప్రమోషన్ ఆగడం ఇవేవీ రాయకండి. చదివే మనిషికి కావలసింది నంబరు.

5. పరీక్ష ఫారం, రీ–రిజిస్ట్రేషన్

ఈ రెండూ వేర్వేరు. రీ–రిజిస్ట్రేషన్ అంటే తర్వాతి ఏడాదికో సెమిస్టర్‌కో పేరు నమోదు. పరీక్షలు రాశారా, పాసయ్యారా అన్నదానితో దానికి సంబంధం లేదు. జూన్, డిసెంబర్ పరీక్షలకి ఫారం మళ్లీ విడిగా నింపాలి, పేపరుకింత అని ఫీజు కట్టాలి. ఒకటి కట్టి రెండోదీ అయిపోయిందనుకునేవాళ్లు ప్రతి ఏడాదీ కనబడతారు. డబ్బు కట్టాక వచ్చే కాగితం రసీదుల కట్టలో పెట్టండి.

6. పరీక్ష

పాత ప్రశ్నపత్రాలు ఇగ్నో వెబ్‌సైట్‌లోనే ఉన్నాయి. ఐదేళ్లవి దించి, గడియారం పెట్టుకుని రెండైనా రాయండి. హాల్‌టికెట్ పోస్టులో రాదు, దించుకుని ప్రింటు తీసుకోవాలి. ఐడీ కార్డు మర్చిపోకండి. పరీక్షల ముందు నిద్రపట్టక, ఎవరితో చెప్పుకోవాలో తెలియనివాళ్లకి కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ ఉంది. నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. దాన్ని వాడుకోవడానికి మొహమాటం దేనికి?

7. అన్నీ అయ్యాక

ప్రతి పేపరు ఎదుటా 'కంప్లీటెడ్' వచ్చాక ప్రొవిజనల్ సర్టిఫికెట్, గ్రేడ్ కార్డు మీరు నమోదు చేసిన చిరునామాకి పోస్టులో వస్తాయి. అసలు పట్టాకి స్నాతకోత్సవం సమయంలో విడిగా రిజిస్ట్రేషన్ చేసి ఫీజు కట్టాలి. మధ్యలో అద్దె ఇల్లు మారి ఉంటే ఆఖరి పరీక్ష రాసిన వారంలోనే రీజినల్ సెంటర్‌లో చిరునామా మార్పించండి. పాత ఇంటి ఓనరుగారు మీ కవరు భద్రంగా దాచి ఉంచుతారన్న నమ్మకం పెట్టుకోవద్దు.