వాయుగుండం రోజుల్లో సీఎన్‌సీ: కరెంటు పోతే టూల్ ఎక్కడుంటుంది?

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా రెండు సంగతులు ఒకేసారి వచ్చిపడతాయి. ముసురు పట్టి ఎండ మొహం కనపడకపోతే రొయ్యల గుంటల్లో ఆక్సిజన్ పడిపోతుంది. ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) రాత్రింబవళ్లు తిరుగుతాయి, షాఫ్టులు విరుగుతాయి. అల్లూరు, విడవలూరు, కొత్తపట్నం వైపు నుంచి "రేపు పొద్దున్నే కావాల" అంటూ మనుషులొచ్చి సీఎన్‌సీ షెడ్డు (కంప్యూటర్ ప్రోగ్రాంతో లోహం కోసే మెషీన్లుండే చోటు) ముందు నిలబడతారు. సరిగ్గా అదే వారంలో గాలికి కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ అంత తుపానే రానక్కర్లేదు. పేరు కూడా లేని వాయుగుండం చాలు, మెషీన్‌ను నెల రోజులు మూలన కూర్చోబెట్టడానికి.

అందుకే ఈ మూడు నెలలూ ప్రోగ్రాం మొదలుపెట్టే సైకిల్ స్టార్ట్ బటన్ నొక్కే ముందు ఆపరేటర్ ఒక్క మాట ఆలోచించుకోవాలి: ఇప్పుడే కరెంటు పోతే టూల్ ఎక్కడుంటుంది?

కోత మధ్యలో కరెంటు పోతే

సరఫరా ఆగగానే టూల్‌ను జరిపే యాక్సిస్ మోటార్లు డైనమిక్ బ్రేకుతో దాదాపు అక్కడికక్కడే నిలిచిపోతాయి. చాలా మెషీన్లలో స్పిండిల్ (లేతులో జాబ్‌ను, అంటే కోసే ముక్కను, తిప్పే ఇరుసు) మాత్రం ఉన్న వేగంతో ఇంకా తిరుగుతూనే ఉంటుంది. మామూలు టర్నింగ్‌లో దీనివల్ల జాబ్ మీద ఒక గీత పడుతుంది, ఇన్సర్ట్ (టూల్ కొసన ఉండే కోత ముక్క) మూల పోతుంది, అంతే. థ్రెడ్డింగ్‌లో (మర కోతలో) అయితే టూల్ నిలబడి జాబ్ తిరగడం వల్ల మర మధ్యలో గుండ్రంగా గాడి పడుతుంది. పార్టింగ్‌లో (జాబ్‌ను తెగకోయడంలో) సన్నటి బ్లేడు గాడిలో ఇరుక్కుంటుంది. వీఎంసీలో (టూల్ తిరిగే నిలువు మిల్లింగ్ మెషీన్‌లో) ట్యాపింగ్, అంటే రంధ్రంలో మర కోత, అయితే పైకీ కిందికీ జరిగే జెడ్ యాక్సిస్ ఆగి స్పిండిల్ తిరుగుతుంది కాబట్టి ట్యాప్ విరిగి రంధ్రంలోనే ఉండిపోతుంది.

కాబట్టి గాలి లేచిన రోజున పని వరస మార్చండి. లైను ఊగుతున్నప్పుడు రఫింగ్ పెట్టుకోండి. మర, పార్టింగ్, ట్యాపింగ్, బేరింగ్ సీట్ ఫినిషింగ్ సరఫరా నిలకడగా ఉన్నప్పుడో, జనరేటర్ మీదో చేసుకోండి. లైను మీంచి జనరేటర్‌కు మార్చే క్షణం కూడా కరెంటు పోయినట్టే, ప్రోగ్రాం నడుస్తుండగా మార్చవద్దు. కంప్యూటర్‌కు పెట్టే చిన్న యూపీఎస్‌ను కంట్రోల్‌కు తగిలిస్తే స్క్రీన్ వెలుగుతుంది కానీ టూల్ వెనక్కి రాదు. దాన్ని చూసి ధైర్యం తెచ్చుకోవద్దు.

పొడవాటి షాఫ్టులకు ఇంకో ప్రమాదం ఉంది. హైడ్రాలిక్ పంపు ఆగితే చక్ (జాబ్‌ను పట్టి ఉంచే భాగం) సిలిండర్‌లోని చెక్ వాల్వు కొంతసేపు పట్టు నిలుపుతుంది, అదీ వాల్వు మంచిదైతేనే. టెయిల్‌స్టాక్ (షాఫ్టు అవతలి కొనను ఆపే భాగం) ఒత్తిడి ముందే తగ్గొచ్చు. సీజన్‌కు ముందు ఖాళీగా ఉన్నప్పుడు ఒక షాఫ్టు బిగించి, స్పిండిల్ నిలిపి, హైడ్రాలిక్ పంపు ఆపి చూడండి. చక్ గేజి ముల్లు గబగబా కిందికి జారితే వాల్వు సీలు మార్పించాల్సిందే. ఫేసింగ్‌కు (కొన చదును చేయడానికి) జీ96, అంటే కోత వేగాన్ని ఒకేలా ఉంచే కోడ్, వాడేవాళ్లు జీ50తో గరిష్ఠ వేగానికి కట్టు వేయడం మరవకూడదు. టూల్ మధ్యకు వెళ్లేకొద్దీ ఆర్‌పీఎం ఎగబాకుతుంది, వేగం పెరిగేకొద్దీ చక్ దవడల పట్టు సడలుతుంది.

కరెంటు వచ్చాక తొందరపడొద్దు

ఆగినచోటి నుంచి సైకిల్ స్టార్ట్ నొక్కడం ఈ సీజన్‌లో జరిగే అతి ఖరీదైన తప్పు. ముందు టూల్‌ను జాగ్ లేదా హ్యాండ్‌వీల్‌తో బయటికి తీయాలి. బయటి వ్యాసం కోస్తుంటే ఎక్స్ (వ్యాసం దిశ) పైకి, ఆ తర్వాత జెడ్ (జాబ్ పొడవు దిశ). బోరింగ్ బార్ లోపలుంటే ఎక్స్‌ను కొద్దిగా మధ్యకు జరిపి, జెడ్‌లో బయటికి. గాడిలో బ్లేడు ఉంటే ఎక్స్‌లో తిన్నగా పైకి మాత్రమే, పక్కకు వెంట్రుకవాసి జరిగినా బ్లేడు టప్పుమంటుంది. హోమింగ్ అవసరమైన పాత మెషీన్లలో టూల్ పూర్తిగా బయటపడ్డాకే జీ28 (యాక్సిస్‌లను హోం స్థానానికి పంపే కోడ్).

ఏరియేటర్ షాఫ్టులు ఎక్కువగా ఎస్ఎస్ 304 (స్టెయిన్‌లెస్ స్టీలు) కదా, దాని స్వభావం వేరు. కోయకుండా రుద్దితే పైపొర గట్టిపడుతుంది. టూల్ నిలబడి జాబ్ తిరిగినప్పుడు జరిగేది అదే. మళ్లీ మొదలుపెట్టి 0.05 మిల్లీమీటర్ల సన్నటి కోత వేస్తే ఇన్సర్ట్ ఆ గట్టి పొర మీదే గీరుతూ అంచు రాలిపోతుంది. కొత్త ఇన్సర్ట్ పెట్టి కనీసం 0.3 లోతు ఇవ్వండి. అందుకు చోటుండాలంటే ఫినిషింగ్‌కు మొదటే వ్యాసం మీద 0.8 మిల్లీమీటర్ల దాకా వదలాలి. 35 మిల్లీమీటర్ల ఎస్ఎస్ 304 కడ్డీకి కోటింగ్ ఉన్న కార్బైడ్‌తో నిమిషానికి 120 మీటర్ల వేగం అంటే దాదాపు 1090 ఆర్‌పీఎం. వేగం తగ్గించాలనిపిస్తే తగ్గించండి గానీ ఫీడు చుట్టుకు 0.15 మిల్లీమీటర్ల కంటే తగ్గించి రుద్దుడు పెట్టవద్దు.

మర మధ్యలో ఆగినా జాబ్ పోయినట్టు కాదు. చక్ మాత్రం వదలకూడదు. మర కోత స్పిండిల్ ఎన్‌కోడర్ (తిరుగుడును కొలిచే సెన్సర్) ఇచ్చే ఒక గుర్తు నుంచి మొదలవుతుంది కాబట్టి జాబ్ కదలకుండా, అదే ఆర్‌పీఎంతో, అదే జెడ్ ఆరంభంతో నడిపితే టూల్ పాత గాడిలోకే వెళ్తుంది. ఆర్‌పీఎం మార్చారా, సర్వో (టూల్‌ను జరిపే మోటారు) వెనకబాటు మారి గాడి పక్కకు జరుగుతుంది. అందుకే మరకు ఎప్పుడూ జీ97 (ఆర్‌పీఎం మారకుండా ఉంచే కోడ్). ఎం30 మరకు 640 ఆర్‌పీఎం పెట్టి ఉంటే మళ్లీ 640 మాత్రమే. ముందు ఎక్స్ ఆఫ్‌సెట్‌ను పైకెత్తి గాలిలో ఒకసారి నడిపి, తర్వాత కొంచెం కొంచెం దించి చూసుకోండి.

నీళ్లు, తేమ, కొలతలు

కూలెంట్ (కోతను చల్లబరిచే ఆయిల్ కలిపిన నీళ్లు) గురించి చాలామంది పట్టించుకోరు. కారిన వాన నీళ్లు ట్యాంకులో కలిసినా, సముద్రం దగ్గరి ఉప్పు బోరు నీళ్లు పోసినా జాబ్ తెల్లారేసరికి తుప్పు పడుతుంది. రిఫ్రాక్టోమీటర్ (కూలెంట్ చిక్కదనం కొలిచే సాధనం) చూపిన అంకెను ఆయిల్ డబ్బా మీద రాసిన ఫ్యాక్టర్‌తో గుణించాలి, అప్పుడే అసలు శాతం తెలుస్తుంది. మామూలు పనికి 6 నుంచి 8 శాతం. 100 లీటర్ల ట్యాంకు 3 శాతానికి పడిపోతే 6కు తేవడానికి 3.2 లీటర్ల ఆయిల్ పడుతుంది, కలిపే నీళ్లను బట్టి ఇంకాస్త. దాన్ని నేరుగా ట్యాంకులో కుమ్మరించకుండా బకెట్ నీళ్లలో ఆయిల్ పోస్తూ కలిపి, ఆ చిక్కటి పాలు పోయండి. ఆర్ఓ నీళ్లయితే మంచిది. పీహెచ్ 8.5 కంటే దిగి పులిసిన వాసన వస్తే పైపై మందులు వద్దు, ట్యాంకు కడగండి.

కంప్రెసర్ ట్యాంకు అడుగు నీళ్లు మామూలు రోజుల్లో పూటకోసారి తీస్తే ఇప్పుడు రెండుసార్లు తీయాలి. లేకపోతే ఆ నీళ్లే గాలితో పాటు వీఎంసీ స్పిండిల్ టేపర్‌లోకి (టూల్ కూర్చునే గూటిలోకి) పోతాయి. రాత్రి మెషీన్ ఆపేముందు టేపర్ తుడిచి పల్చగా నూనె పట్టించండి.

ఇక కొలతలు. కోసిన షాఫ్టు కూలెంట్ సరిగా పడక గది కంటే 20 డిగ్రీలు వేడిగా ఉందనుకోండి. 35 మిల్లీమీటర్ల ఎస్ఎస్ 304 వ్యాసం దాదాపు 12 మైక్రాన్లు పెరిగి ఉంటుంది. బేరింగ్ సీటుకు కె6 (కొలతలో ఎంత తేడా ఉండొచ్చో చెప్పే గ్రేడు) అడిగితే మొత్తం వెసులుబాటే 16 మైక్రాన్లు. వేడి మీద సరిగ్గా ఉన్న సీటు చల్లారాక వదులవుతుంది, గుంటలో బేరింగ్ లోపలి రింగు జారుతుంది, షాఫ్టు మళ్లీ మీ దగ్గరికే వస్తుంది. రైతు పక్కన నిలబడి ఎంత తొందరపెట్టినా చల్లారాకే మైక్రోమీటర్ పెట్టండి.

ఎలక్ట్రికల్ ప్యానెల్ తలుపు ఈ మూడు నెలలూ తెరిచి పెట్టవద్దు. ప్యానెల్ ఏసీ చల్లబరిచిన డ్రైవుల (మోటార్లను నడిపే ఎలక్ట్రానిక్ యూనిట్లు) మీద బయటి తడి గాలి తగిలితే మంచు పట్టినట్టు నీళ్లు పడతాయి. ఎన్‌కోడర్ బ్యాటరీ హెచ్చరిక వచ్చిందంటే వాయిదా వేయకుండా, మెషీన్ పవర్ ఆన్‌లో ఉండగా, ఎమర్జెన్సీ స్టాప్ నొక్కి మార్చేయండి. రెండు రోజులు కరెంటు లేక బ్యాటరీ అడుగంటితే జీరో పొజిషన్లు పోతాయి. పారామీటర్లు, ప్రోగ్రాములు, ఆఫ్‌సెట్లు కార్డులోకి తీసి ఆ కార్డును ఇంట్లో పెట్టుకోండి. షెడ్డులోనే పెట్టుకుంటే, 2021 నవంబరులో పెన్నా పొంగినట్టు పొంగితే మెషీన్‌తో పాటు అదీ మునుగుతుంది. స్టెబిలైజర్‌ను నేల మీద కాకుండా రెండడుగుల దిమ్మె మీదికి ఎక్కించండి.

నీళ్లు ప్యానెల్ దాకా వస్తే నీళ్లు తగ్గాక కూడా ఆన్ చేయవద్దు. మెయిన్ తీసేసి, విప్పి, ఆరబెట్టి, మోటార్లకు మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) పెట్టించాకే. మెగ్గర్ పెట్టేముందు డ్రైవుల నుంచి వైర్లు విప్పాలి, లేకపోతే ఆ పరీక్షే డ్రైవును కాలుస్తుంది.

స్తంభాలు పడి లైన్లు మళ్లీ కట్టిన తర్వాత ఫేజుల వరస మారి వస్తుందేమో చూడాలి. సర్వోలకు, స్పిండిల్‌కు దాంతో పనిలేదు, డ్రైవులు మామూలుగానే లేస్తాయి. అందుకే ఎవరికీ అనుమానం రాదు. హైడ్రాలిక్, కూలెంట్ పంపులు మాత్రం వెనక్కి తిరుగుతాయి. చక్ ఒత్తిడి ఎక్కదు, పంపు నూనె లేకుండా అరుగుతుంది. మొదటిసారి ఆన్ చేసి రెండు సెకన్లలో ఆపి, మోటారు మీది బాణం గుర్తుతో తిరిగే దిక్కు సరిపోల్చండి. తిరగబడితే మెయిన్ ఆపి, ఎలక్ట్రీషియన్ చేత లోపలికొచ్చే లైను దగ్గరే ఏవైనా రెండు ఫేజులు మార్పించాలి, ఒక్క పంపు దగ్గర కాదు. జనరేటర్ వరసను విడిగా మళ్లీ చూసుకోవాలి. ఫేజ్ సీక్వెన్స్ రిలే వేయించుకుంటే ఈ కాపలా అదే కాస్తుంది.