వెబ్ పేజీలో భిన్నాలు చక్కగా కనిపించాలంటే

3/4 అని టైప్ చేసి వదిలేసినా పని జరిగిపోతుంది, కాదనను. కాకపోతే అది ముప్పావో, ఏప్రిల్ మూడో తేదీనో చదివేవాళ్లే తేల్చుకోవాలి.

మామూలు వాక్యంలో అర, పావు, ముప్పావు లాంటివే వస్తుంటే తేలిక దారి ఉంది. హెచ్‌టీఎంఎల్‌లో ½ అని రాస్తే ½ వస్తుంది, ¼ రాస్తే ¼, ¾ రాస్తే ¾. మూడో వంతుకు ⅓. చివరి సెమికోలన్ మర్చిపోవద్దు. గుర్తునే నేరుగా పేస్ట్ చేస్తే మాత్రం పేజీ ఎన్‌కోడింగ్ (అక్షరాలను దాచే పద్ధతి) యూటీఎఫ్-8 అయి ఉండాలి.

5/17 లాంటి వాటికి రెడీమేడ్ గుర్తు లేదు. అప్పుడు కీబోర్డు మీది స్లాష్ బదులు భిన్నాల కోసమే ఉన్న స్లాష్ వాడండి: 5⁄17. ఫాంట్‌కు ఆ సత్తా ఉంటే అంకెలు చిన్నవై పైకీ కిందికీ సర్దుకుంటాయి, లేకపోతే మామూలు వరసలోనే ఉంటాయి. మిశ్రమ భిన్నం దగ్గర జాగ్రత్త. రెండున్నర రాయబోయి 2 పక్కనే 1⁄2 అంటించేస్తే ఇరవై ఒకటి బై రెండు అయి కూర్చుంటుంది. మధ్యలో   పెడితే సన్నటి ఖాళీ వచ్చి రెండూ విడిపోతాయి. పేజీ రూపురేఖలు చెప్పే సీఎస్ఎస్‌లో డయాగనల్ ఫ్రాక్షన్స్ (diagonal-fractions) అనే సెట్టింగు కూడా ఉంది. దాన్ని పేజీ మొత్తానికి పెట్టకండి, తేదీలు కూడా భిన్నాలైపోతాయి!

అసలు లెక్కలు, అంటే అడ్డగీత పైన లవం, కింద హారం కావాలంటే, వెబ్ పేజీలో గణితం రాసేందుకే ఉన్న ట్యాగుల భాష మ్యాథ్‌ఎంఎల్‌కు వెళ్లాల్సిందే. ముందు మ్యాథ్ (math) ట్యాగ్ తెరవండి. దాని లోపల ఎంఫ్రాక్ (mfrac), అందులో రెండు ఎంఎన్ (mn) ట్యాగులు: మొదటిదాంట్లో లవం, రెండోదాంట్లో హారం. గీతను బ్రౌజరే గీస్తుంది. కోడ్‌లో ఈ పేర్లన్నీ ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో రాయాలి.

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ఎంఫ్రాక్‌లో సరిగ్గా రెండు భాగాలే ఉండాలి. లవంలో x+1 ఉంటే x, +, 1 మూడు ముక్కలవుతాయి కాబట్టి వాటిని ఎంరో (mrow) ట్యాగ్‌లో చుట్టాలి. చుట్టకపోతే గీత మాయమై అన్నీ వరసగా పడతాయి. x లాంటి అక్షరానికి ఎంఐ (mi), + గుర్తుకు ఎంఓ (mo) ట్యాగులు.

వాక్యం మధ్యలో ఇలాంటి భిన్నం చిన్నగా కనిపిస్తుంది. పెద్దగా, విడిగా కావాలంటే మ్యాథ్ ట్యాగ్‌కు డిస్‌ప్లే విలువ బ్లాక్ (display="block") అని ఇవ్వండి.

ఫైర్‌ఫాక్స్, సఫారీ ఈ మ్యాథ్‌ఎంఎల్ భిన్నాలను చాలాకాలంగా చూపిస్తున్నాయి, క్రోమ్ 2023 జనవరిలో వచ్చిన 109వ వెర్షన్‌తో దారికొచ్చింది. అంతకన్నా పాత క్రోమ్ వాడేవాళ్లు మీ పాఠకుల్లో ఉంటే మ్యాథ్‌జాక్స్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీని జోడించండి. లెక్కలున్న పత్రాలు రాసే లేటెక్ పద్ధతి అలవాటున్నవాళ్లకు అదే హాయి.