ఆర్క్‌నీ తీరపు తవ్వకాల్లో వాలంటీరుగా చేరడానికి వీసా దరఖాస్తు విధానం

స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఆర్క్‌నీ దీవుల్లో ఒకటైన రౌసే ఒడ్డున, స్వాండ్రో అనే చోట, సముద్రం ఒక ప్రాచీన జనావాసాన్ని కొద్దికొద్దిగా కోసుకుపోతోంది. 2010లో మొదలైన తవ్వకాల్లో అక్కడ ఇనుపయుగపు ఇళ్లతో పాటు పిక్టుల (ఉత్తర స్కాట్లాండులో ఉండిన ప్రాచీన జాతి) కాలపు కంచరి కొట్టం ఒకటి బయటపడింది. అందులోని దాగలి రాయి మీద పనివాడి మసిచేతుల గుర్తులు, మోకాళ్ల గుర్తులు నిలిచి ఉన్నాయి. ఇలాంటి చోట కొన్నాళ్లు పనిచేయాలని కోరుకునే పురావస్తు విద్యార్థులు మన దగ్గరా ఉన్నారు. వారిలో కొందరు ‘వాలంటీర్ వీసా’ ఇప్పిస్తామన్న కన్సల్టెన్సీల మాట నమ్మి డబ్బు పోగొట్టుకున్నందువల్లే ఈ వివరణ అవసరమైంది.

నెల రోజుల లోపు సేవకు ఆ పేరుతో విడిగా వీసా ఏదీ లేదు. స్టాండర్డ్ విజిటర్ వీసాయే సరిపోతుంది. ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచి బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైటులో దరఖాస్తు నింపి, రుసుము అక్కడే చెల్లించి, హైదరాబాదులోని వీసా కేంద్రంలో వేలిముద్రలు, ఫొటో ఇవ్వాలి. ఆ తరువాత నిర్ణయం సాధారణంగా మూడు వారాల్లో వస్తుంది. ఇంతవరకు ఎవరికీ పెద్దగా ఇబ్బంది ఉండదు.

చిక్కంతా ఆహ్వాన లేఖ దగ్గరే. విజిటర్ వీసా మీద వెళ్లినవారు మొత్తం 30 రోజులకు మించకుండా, అదీ రిజిస్టరైన ధర్మసంస్థకు మాత్రమే స్వచ్ఛంద సేవ చేయవచ్చు. ఆ సంస్థ ఇంగ్లండ్-వేల్స్ చారిటీ కమిషన్, ఉత్తర ఐర్లండ్ చారిటీ కమిషన్, స్కాటిష్ చారిటీ రెగ్యులేటర్, ఈ మూడింటిలో ఏదో ఒకదాని రిజిస్టరులో ఉండి తీరాలి. తవ్వకం నడిపేది పేరున్న విశ్వవిద్యాలయమే కదా, దాని లేఖ చాలదా అని చాలామంది అనుకుంటారు. ఇంగ్లండులోని చాలా విశ్వవిద్యాలయాలు చట్టరీత్యా ధర్మసంస్థలే అయినప్పటికీ, రిజిస్టరు చేసుకోనక్కర్లేని మినహాయింపు వర్గంలో ఉన్నందున కమిషన్ రిజిస్టరులో కనిపించవు. కాబట్టి వాటి లేఖ ఎంత ఘనంగా ఉన్నా ఈ షరతుకు సరిపోదు. అందుకే తవ్వకానికి అండగా ఉన్న ట్రస్టు ఏదో తెలుసుకుని, ఆ ఏడు తవ్వకం ఉందా, బయటివారిని తీసుకుంటున్నారా అని నేరుగా దానికే ఈమెయిలు రాసి, లేఖ దాని పేరు మీదే తెప్పించుకోవాలి. అందులో రిజిస్ట్రేషన్ సంఖ్య (స్కాట్లాండు సంస్థలకు ఇది ‘ఎస్‌సీ’ అక్షరాలతో మొదలవుతుంది), సేవ మొదలయ్యే, ముగిసే తేదీలు, జీతం ఉండదన్న మాట, బస ఖర్చు ఎవరిదన్న సంగతి స్పష్టంగా ఉండాలి. ప్రయాణానికి, తిండికి అయ్యే సమంజసమైన ఖర్చులను సంస్థ భరిస్తే తప్పు లేదు. లేఖలోని రిజిస్ట్రేషన్ సంఖ్యను రిజిస్టరులో ఎవరైనా ఉచితంగా వెతికి చూసుకోవచ్చు. లేఖ తామే తెప్పిస్తామనే మధ్యవర్తికి పైసా ఇచ్చేముందు చేయవలసిన పని అదే. దొంగ లేఖ పెట్టినట్టు తేలితే వీసా పోవడమే కాక పదేళ్ల వరకు నిషేధం పడవచ్చు, ఆ నిషేధం పడేది దరఖాస్తుదారు మీదే గాని మధ్యవర్తి మీద కాదు.

ఖర్చులకు డబ్బుందని చూపడానికి దరఖాస్తుతో పెట్టే బ్యాంకు స్టేట్‌మెంటులో దరఖాస్తుకు ముందురోజు వచ్చిపడిన పెద్ద మొత్తం అనుమానానికి తావిస్తుంది. తండ్రో అన్నో ఇచ్చిన డబ్బయితే వారి సంతకంతో లేఖ, వారి ఆదాయ పత్రాలు జతచేస్తే సరిపోతుంది. ఇందులో దాచవలసింది ఏమీ లేదు.

ముప్పై రోజులకు మించి ఉండదలిస్తే చారిటీ వర్కర్ వీసా కావాలి. దానికి స్పాన్సర్ లైసెన్సు (విదేశీయులను పనికి పిలిపించుకునే అనుమతి) ఉన్న సంస్థ ఇచ్చే సర్టిఫికెట్ తప్పనిసరి. ఫీజు కట్టి నేర్చుకునే ఫీల్డ్ స్కూల్ సేవ కిందకు రాదు, చదువు కిందకు వస్తుంది గనుక దాని నిబంధనలు వేరు.

వీసా చేతికి రాకముందే విమానం టికెట్ కొనాలన్న నియమం ఎక్కడా లేదు. దరఖాస్తులో ప్రయాణ తేదీలు రాస్తే చాలు.