కెమిస్ట్రీ ట్యూషన్: పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారో ముందు చూడండి

ఇంటర్ పిల్లలకు ట్యూషన్లు మొదలుపెట్టిన కొత్తలో నేనూ ‘వీడు చూసి నేర్చుకునే రకం, ఆ అమ్మాయి విని నేర్చుకునే రకం’ అని ముద్రలు వేసేసేదాన్ని. 2008లోనే హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు సైకాలజిస్టులు ఈ రకాల మీద వచ్చిన పరిశోధనలన్నీ జల్లెడపట్టి, రకాన్ని బట్టి చెబితే బాగా వస్తుందనడానికి తగిన ఆధారం లేదని తేల్చారని తర్వాతెప్పుడో తెలిసింది. కాబట్టి రకం సంగతి వదిలేయండి, ఎక్కడ ఆగుతున్నారో చూసి అక్కడ దారి మార్చండి.

మొదటి రోజు పాఠం చెప్పొద్దు. ఒక లెక్క ఇచ్చి, చేస్తూ పైకి మాట్లాడమనండి. నేనిచ్చేది ఇది: 6 మోల్స్ నైట్రోజన్, 24 మోల్స్ హైడ్రోజన్ ఉన్నాయి, అమ్మోనియా మహా అయితే ఎంత వస్తుంది?

ఈక్వేషన్ (N₂ + 3H₂ → 2NH₃) చక్కగా బ్యాలెన్స్ చేసి, లిమిటింగ్ రీఏజెంట్ (అంటే ముందుగా అయిపోయి రియాక్షన్‌ని ఆపేసే పదార్థం) దగ్గర బిగుసుకుపోయేవాళ్లే ఎక్కువ. వాళ్లకు డెఫినిషన్ మళ్లీ చదివి వినిపించి లాభం లేదు. ప్లేటుకి ఒక గరిటె కూర, మూడు పూరీలు అనుకోమనండి. 6 గరిటెల కూర, 24 పూరీలు ఉంటే ఎన్ని ప్లేట్లు? ఆరు, పైగా ఆరు పూరీలు మిగులుతాయి, ఇది చెప్పడానికి ఎవరికీ ట్యూషన్ అక్కర్లేదు. ఇప్పుడు కూర కొట్టేసి నైట్రోజన్, పూరీ కొట్టేసి హైడ్రోజన్ అని వాళ్లతోనే రాయించండి. చాలామంది ఇక్కడ జవాబు 6 అంటారు, జాగ్రత్త. ఒక్కో ప్లేటుకి రెండు అమ్మోనియా కదా, 12 రావాలి. పూరీల పని అక్కడితో సరి, మళ్లీ ఈక్వేషన్‌లోకి రావాల్సిందే.

మోల్ అంటేనే బెదిరిపోయేవాళ్ల ముందు 18 మిల్లీలీటర్ల నీళ్లు పెట్టండి (దగ్గు మందు మూతకి గీతలుంటాయి, దాంతో కొలవొచ్చు). ఒక మోల్ నీళ్లంటే ఇంతే, ఒక్క గుక్క, కానీ అందులో 6.022 × 10²³ అణువులు.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ల సంగతి వేరు. ఒకమ్మాయి రెండు వారాలపాటు రిడక్షన్ అర్థం కావట్లేదంటూనే ఉంది, క్షయకరణం అనగానే టకటకా చెప్పేసింది. అలాంటివాళ్లకు నోట్సు చివరి పేజీలో రెండు భాషల పదాలూ పక్కపక్కన రాయించండి, సగం బరువు దిగుతుంది.

నాకు టెన్షన్ అంతా గడగడా అప్పజెప్పేవాళ్లతోనే. మార్కులొస్తున్నాయి కాబట్టి ఇంట్లో ఎవరూ పట్టించుకోరు. ఉప్పు నీళ్లలో కరిగాక ఎలా ఉంటుందో బొమ్మ వెయ్యమనండి. సోడియం అయాన్లు, క్లోరైడ్ అయాన్లు విడివిడిగా ఉండాలి, సోడియం వైపు నీటి అణువులోని ఆక్సిజన్ తిరిగి ఉండాలి. అలా కాకుండా సోడియం, క్లోరిన్ చెయ్యీ చెయ్యీ పట్టుకుని జంటలుగా తేలుతున్నట్టు వేశారంటే, రేపటి పాఠం ఆపేసి అయానిక బంధం మళ్లీ మొదటి నుంచి చెప్పుకోండి.